వీరనాగమ్మకు ఆరో నెల

నమోదు 1

గోడకు వినడం వచ్చు, చదవడం రాదు. అందుకని రాస్తున్నాను. నోటితో అంటే సాయంత్రానికల్లా పేర్ల కచేరీలో మద్దిలేటి చెవిన పడుతుంది. కాగితం మీద ఉన్నదాన్ని ఈ ఇంట్లో ఎవరూ చదవరు. నా కొడుకు ఓబులేసు గాలిని వడకట్టే గాలిగుడ్డ మీది మరకను చూసి దుమ్ము ఏ సొరంగం నుంచి వచ్చిందో చెప్పగలడు. ఒక పేజీ మాత్రం కిందిదాకా చదవలేడు. కోడలు గంగరత్నకు చదవడం వచ్చు, తీరిక లేదు.

ఈ రోజు నా మనవరాలికి పేరు పెట్టాం. వీరనాగమ్మ. అది నా భార్య పేరు. ఆమె పోయి రెండేళ్ళవుతోంది. ఆమె పోతేనే ఈ ఇంట్లో ఒక చోటు ఖాళీ అయింది, చోటు ఖాళీ అయితేనే గంగరత్నకు బిడ్డను కనడానికి అనుమతి వచ్చింది. పైన నేల మండిపోయి మనుషులు ఈ ఎర్రమల గుహల్లోకి దిగినప్పటి నుంచి కిందూర్లో లెక్క ఇంతే. ఒకరు వదిలిన చల్లగాలి వంతు ఇంకొకరికి. ఆమె గాలి పీల్చుకుని బతకబోయే పిల్లకు ఆమె పేరు కాక ఇంకెవరి పేరు పెడతారని అడిగాను. జవాబు చెప్పినవాళ్ళు లేరు, కాబట్టి నా మాటే నెగ్గింది.

గంగరత్న మాత్రం ఉయ్యాల తాడు బిగిస్తూ గొణిగింది. "రోంత పొడుగైతాదేమో మామా."

"ఎంత పొడుగు? అయిదక్షరాలు."

"పిల్ల జానెడుండాది."

"పెరుగుతుంది."

"పెరిగేదాకా ఏమని పిలవల్ల?"

ఇదేం ప్రశ్న! పేరు పెట్టేదే పిలవడానికి కదా. పక్క అరలో పిల్లవాడికి 'టకి' అని పెట్టారు. ఆ పక్క అరలో పిల్ల 'జుం'. రెండక్షరాలకు మించకపోతే గోడకు సులువని కచేరీ వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, జనం తలలూపారు. మా చిన్నతనంలో మేకల్ని అదిలించే చప్పుళ్ళవి. నేను బతికుండగా నా ఇంట్లో ఒక మనిషిని మేకను అదిలించినట్టు పిలవరు.

వరసకు మేనత్త అయ్యే కాశమ్మ వచ్చి పాప చెవిలో ఆ పేరు మూడుసార్లు ఊదింది. ఎంత మెల్లగా ఊదిందంటే పక్కనున్న నాకే వినబడలేదు. "పెద్దామె పేరు గదప్పా, గట్టిగా ఎట్ల అనేది?" అంది. పెద్దరికానికి ఇంత విలువ ఇచ్చే మనిషి ఊళ్ళో ఒకతె మిగిలిందని సంతోషించాను.

నమోదు 2

నెల తిరిగింది. పొద్దున కప్పు మీద పట్టిన చెమ్మను గీకి కుండలో పట్టడం నా పని. ఓబులేసు గాలిగుడ్డలు ఉతకడానికి పోతాడు, గంగరత్న పుట్టగొడుగుల మడికి పోతుంది. పాప నా దగ్గర ఉంటుంది.

ఇంట్లో పాపను ఏమని పిలుస్తున్నారో విన్నాను. కొడుకు 'బుడ్డక్క' అంటాడు. కోడలు 'బుడ్డీ' అంటుంది, ముద్దు ముదిరితే 'నా సంగటి ముద్దా' అంటుంది. వీరనాగమ్మ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

సరే, ముద్దుపేర్లు ఎప్పుడూ ఉన్నవే అనుకున్నాను. అసలు పేరు పత్రాలకు, ముద్దుపేరు ఇంటికి. మా అందరి బతుకులూ అలాగే గడిచాయి. కానీ ఈ ఊళ్ళో ఇప్పుడు మనిషికి ఒకే పేరు. గోడకు ఏది చెప్పామో అదే పిలవాలి. తలుపు ఆ పేరుకే తెరుచుకుంటుంది, చల్లగాలి ఆ పేరుకే వస్తుంది.

ఈ రోజు ఉయ్యాల మీది గాలిరంధ్రం పక్కన పసుపు దీపం వెలిగింది. గోడ ఎప్పటిలాగే మర్యాదగా మాట్లాడింది.

"ఈ ఇంట్లో వీరనాగమ్మ అనే మనిషిని ఎవరూ పిలవడం లేదు. ఆమె ఉన్నారా?"

"ఉంది! కళ్ళు లేవా?" అన్నాను.

గోడకు కళ్ళు లేవు. అది నాకు తెలియక కాదు.

నమోదు 3

పేర్ల కచేరీకి పోయాను. పోకుండా ఉండవలసింది.

మద్దిలేటి గురించి ఇక్కడ రాసి పెట్టాలి, ఎందుకంటే ఇంకెవరూ రాయరు. ఈ మనిషి ఒకప్పుడు పుస్తకాల అరలో నా కింద పనిచేశాడు. దుమ్ము దులపమంటే దులిపేవాడు, వరస చెడకుండా సర్దమంటే సర్దేవాడు. గాలిగుడ్డల్లో కూరడానికి నూలు కరువైన ఏడు, పుస్తకాలు నానబెట్టి పీచు తీయవచ్చని సభలో లేచి చెప్పినవాడు ఇతనే. మూడు వంతుల పుస్తకాలు ఈ ఊరి గాలిలోకి పోయాయి. దగ్గులు తగ్గాయని జనం ఇతనికి పదవి ఇచ్చారు. దగ్గులు తగ్గిన మాట నిజమే. దగ్గు తగ్గిన గొంతులతో వీళ్ళు ఏం మాట్లాడుతున్నారన్నది నా ప్రశ్న.

"కూచో అన్నా."

"నిలబడే వింటాను."

"నీ ఇష్టం. మోకాళ్ళు నీయే గదా."

విషయం చెప్పాను. అంతా ముందే తెలిసినట్టు తలాడించాడు. తెలిసే ఉంటుంది.

"పేరు పెట్టుకున్నారు, పిలవడం లేదు. పిలవని పేరు గోడ దగ్గర నిలబడదన్నా. ఆరో నెల నిండేలోపల తలతిప్పుడు చూస్తాం. ఇంటోళ్ళు పేరు పెట్టి పిలిస్తే పాప తల తిప్పల్ల. తిప్పితే చోటు ఖాయం."

"తిప్పకపోతే?"

"ఆ పేరు గల మనిషి లేదని లెక్క. చోటు వరసలో ఉండే వేరే ఇంటికి పోతాది."

"ముద్దుపేరునే గోడకు చెప్పుకుంటాం. బుడ్డక్క అని."

ఈ మాట అంటున్నప్పుడు నా నాలుక ఎంత చేదుగా ఉందో నాకే తెలుసు.

"చెప్పుకోవచ్చు. కాకపోతే కొత్త పేరంటే కొత్త మనిషి. కొత్త మనిషికి కొత్త చోటు కావల్ల. వరస శానా పొడుగుండాది. అంతదాకా తల్లీ పిల్లా మొగసాలలో ఉండల్ల."

మొగసాల అంటే గుహ నోటి దగ్గరి పేట. చల్లగాలి అక్కడిదాకా రాదు. ఎండాకాలం అక్కడి రాళ్ళ మీద చెయ్యి పెట్టలేం. అక్కడికి పసిపిల్లలతో పోయినవాళ్ళు ఎలా తిరిగి వచ్చారో ఈ ఊరంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

"పేరు పెట్టి పిలిపిస్తాను" అన్నాను. "ఇందులో ఏముంది?"

"ఏమీ లేదన్నా. పిలిస్తే సరిపాయె. పక్కింటోళ్ళు పిలిస్తే చెల్లదు, ఇంటోళ్ళ గొంతే ఉండల్ల. ఇంగోటి, అప్పజెప్పినట్టు చదివితే గోడ ఒప్పుకోదు. పిలిచినట్టు పిలవల్ల."

నాకు, పదాల మధ్య నలభై ఏళ్ళు బతికినవాడికి, పిలవడం అంటే ఏమిటో ఇతను నేర్పుతున్నాడు.

నమోదు 4

ముద్దుపేర్లు ఈ ఇంట్లో నిషేధం. ఆ మాట నేనే ప్రకటించాను. నవ్వులు లేవు. మొగసాల మాట చెప్పాక గంగరత్న ముఖం పాలిపోయింది.

మొదట ఓబులేసు కూర్చున్నాడు. పాపను ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

"వీర..." అన్నాడు. ఆగిపోయాడు.

"ఏమైంది?"

"మాయమ్మను పేరు పెట్టి పిలిచినట్టుండాది నాయనా."

"అది మీ అమ్మ కాదు, నీ కూతురు."

"తెలుసు. నోటికి తెలీడం లేదు."

చాలాసేపటికి ఒక దారి కనిపెట్టాడు. మధ్యాహ్నం నేను చెమ్మ గీకుతుంటే వినబడింది. "వీరనాగమ్మ గారూ, ఇట్ల చూడండి. పాలు తాగుతారా అమ్మగారూ?" వెనక్కి తిరిగి చూశాను. ముప్పయ్యేళ్ళ మగవాడు చేతులు కట్టుకుని ఉయ్యాల ముందు నిలబడి ఉన్నాడు. పాప తన బొటనవేలిని తీరుబడిగా చప్పరిస్తోంది.

కాసేపటికి గోడ పలికింది. "ఈ ఇంటికి వీరనాగమ్మ గారు అనే పెద్దావిడ అతిథిగా వచ్చినట్టున్నారు. అతిథి గాలి కావాలంటే చెప్పండి."

గంగరత్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. ఇలాంటి విషయంలో నవ్వు ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

నమోదు 5

మూడో నెల పోయింది, నాలుగోది నడుస్తోంది. పాప ఇప్పుడు చప్పుళ్ళకు తల తిప్పుతోంది. గిన్నె పడితే తిప్పుతుంది. కాశమ్మ తుమ్మితే తిప్పుతుంది. 'బుడ్డీ' అని ఎవరైనా మరిచిపోయి అంటే మెడ విరిగేలా తిప్పుతుంది. దాని అసలు పేరుకు మాత్రం కదలదు. ఎలా కదులుతుంది? ఆ పేరు దాని చెవిన పడితే కదా!

ఈ రోజు గంగరత్న మీద గట్టిగా అరిచాను. తల్లి గొంతుకే పిల్ల ముందు పలుకుతుంది, నువ్వు పిలవకపోతే ఎవరు పిలుస్తారని అడిగాను.

ఆమె పుట్టగొడుగుల బుట్ట దించి నా వైపు చూసింది. "అత్త పేరు కోడలు పలకగూడదని నాకు నేర్పింది ఎవురు మామా? నేనీ ఇంటికొచ్చిన కొత్తలో ఎవరో అడిగితే అత్త పేరు చెప్పినానని, ఆ పొద్దంతా నాతో మాట్లాడలేదు ఆమె. నువ్వూ ఆడనే కూచోని వింటివి."

"అది వేరు. అప్పుడు ఆమె బతికుంది."

"పోయినామె పేరు పలకొచ్చా? అట్లయితే నువ్వే పిలువు."

నేను కుండ మూత సర్దాను.

"పిలువు మామా. పొద్దంతా పాప నీ కాడనే ఉంటాది. నీ గొంతు గోడకు బాగా తెలుసు. ఊరంతటికీ తెలుసు."

"మగవాడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళలో లేదు" అన్నాను.

"అంటే నీ పెండ్లాం పేరు నువ్వు పలకవు. నీ కొడుకు పలకడు. నేను పలకగూడదు. అందరం కలిసి నా బిడ్డకు ఆ పేరే పెట్టినాం. ఇంగెవురు పిలవల్ల? దాన్ని అదే పిలుచుకోవల్లా?"

ఈ ప్రశ్నను తర్కంగా ఎదుర్కోవచ్చు. పాత గ్రంథాల్లో దీనికి సమాధానాలు ఉండేవి. అవన్నీ ఇప్పుడు గాలిగుడ్డల్లో ఉన్నాయి.

"పేరు మార్చేద్దాం" అని ఓబులేసు మూల నుంచి సణిగాడు. "మొగసాలకైనా పోదాం. నేనూ పోతా వాళ్ళతో."

"నా బిడ్డను ఎండబెట్టడానికి నేను తీసకపోను" అంది గంగరత్న. అన్నది వాడితో, చూసింది నన్ను.

నమోదు 6

మద్దిలేటి ఇంటికి వచ్చాడు. కచేరీ వాళ్ళు ఇళ్ళకు రావడం ఎక్కడా లేదు. నా అవస్థ చూసి ఆనందించడానికి వచ్చాడని అనుకున్నాను, ఇప్పటికీ కొంత అలాగే అనుకుంటున్నాను. కోడలు ఇచ్చిన కొర్రగంజి తాగాడు. పాపను ఎత్తుకున్నాడు. పాప అతని మీసం పట్టి లాగింది. అంతవరకు దాని బుద్ధి మంచిదే.

"నీ నియమం వల్ల ఒక పసిదాని చోటు పోబోతోంది" అన్నాను. "రాత్రుళ్ళు నిద్ర పడుతుందా?"

"నీకు నా మీద కోపం పుస్తకాలప్పటిది అన్నా. దీని మీద తోలుతాండావు."

"రెండింటి మీదా ఉంది. చాలినంత ఉంది."

అతను గిన్నె కింద పెట్టాడు. "మా చిన్నక్క కొడుకు గురించి ఎప్పుడన్నా చెప్పినానా నీకు?"

చెప్పలేదు.

"వాని పేరు గోడలో అహోబల నరసింహ వరప్రసాదు. తాత మొక్కు. మేం పిలిచేది బూచోడా అని. గుహ కప్పు పెళ్ళ విరిగి పడినేడు దుమ్ములో ఎవురికీ ఏమీ కనపడలేదు గదా. గోడే ఒక్కొక్కర్నీ పిలిచి దోవ చూపించె. వరప్రసాదూ, ఎడమకి తిరిగి నడువు, వరప్రసాదూ, ఎడమకి తిరుగు. పదిసార్లు పిలిచిందంట. పక్కనే ఉండిన పిల్లోళ్ళు ఆ మాట విని ఎడమకు నడిచి బయటపడిరి. వీడు ఎవర్నో పిలుస్తాండారనుకొని కూచునే ఉండాడు."

పాపను తిరిగి గంగరత్న చేతికి ఇచ్చాడు.

"అప్పటి నుంచి నాకు ఒకటే పేరు కావల్ల అన్నా. పొడుగో పొట్టో నాకు పట్టదు. పిలిస్తే లేచి రావల్ల."

 దీనికి జవాబు దొరికేసరికి అతను వెళ్ళిపోయాడు. ఇక్కడ రాస్తున్నాను. ఒక పిల్లవాడు తన పేరు తనకు తెలియక పోయాడని ఊళ్ళో పిల్లలందరి పేర్లూ కొరికి ముక్కలు చేయడం న్యాయం కాదు. గోడకే 'బూచోడు' అని నేర్పి ఉండవలసింది. పిల్లలు గోడకు అలవాటు పడాలా, గోడ పిల్లలకు అలవాటు పడాలా? ఈ నియమం పెట్టిన సభలో ఈ ప్రశ్న అడగవలసింది. ఆ రోజు నేను సభకు పోలేదు, పుస్తకాల విషయంలో అలిగి ఉన్నాను. అలగడానికి నాకు హక్కు ఉంది.

నమోదు 7

అయిదో నెల చివర. రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను.

గంగరత్న సంగటి కెలుకుతోంది. పాప చాప మీద బోర్లా పడి ఈత కొడుతోంది. నేను గుమ్మం దగ్గర కుండ తుడుచుకుంటున్నాను. పిండి మాడిన వాసన వచ్చింది. ఈ మధ్య ఆమెకు పరాకు ఎక్కువైంది, అందుకు ఆమెను అనడానికి లేదు. కానీ నేను అన్నాను. "ఆమె ఉన్నప్పుడు సంగటి ఏనాడూ అడుగంటలేదు" అని మాత్రమే అన్నాను. నిజాన్నే అన్నాను.

గంగరత్న కెలికే కట్టెను పైకెత్తింది. నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె నా వైపు చూడను కూడా లేదు. కట్టె వైపు చూసింది. అది నా భార్య కట్టె. పిడి దగ్గర ఆమె పట్టు పడి నున్నగా అరిగి ఉంటుంది.

"ఒసే వీరనాగమ్మా!" అంది.

నా చేతిలో కుండ జారింది.

"విన్నావటే నీ మొగుడు చెప్పేది? ఇన్నేండ్లు నీ చేతికింద చేస్తిని, గడ్డ కట్టిందంటివి, ఉప్పు చాలదంటివి, ఒక్కపొద్దన్నా బాగుందంటివా వీరనాగమ్మా? నీకు జరమొచ్చి ఒళ్ళు కాలినప్పుడు రాత్రంతా తడిగుడ్డేసింది ఎవురు? చచ్చిపోయేముందు నా చెయ్యి పట్టుకొని ఏమో చెప్పబోతివి. చెప్పకనే పోతివి! చెప్పి పోయుంటే నీ సొమ్మేం పోయుండె వీరనాగమ్మా? ఇప్పుడు నీ పేరు పెట్టి నా బిడ్డను ఎండకు తోలతాండారు. పలకవే! పలకవేమే వీరనాగమ్మా!"

ఆమె గొంతు గుహ కప్పుకు తగిలి తిరిగి వచ్చింది. పక్క అరలో వాళ్ళు మాటలు ఆపేశారు. నేను లేచి, ఇక చాలు, ఇది నా ఇల్లు అని చెప్పబోయాను.

అప్పుడు చాప మీద చప్పుడయింది. పాప ఈత ఆపింది. తల ఎత్తి, పూర్తిగా తిప్పి, తల్లిని చూసి నవ్వింది. చిగుళ్ళన్నీ కనిపించేటట్టు నవ్వింది.

గంగరత్న కట్టె పట్టుకునే నిలబడింది. చెంపల మీద నీళ్ళు. మెల్లగా మళ్ళీ అంది. "వీరనాగమ్మా."

పాప కదలలేదు.

ముక్కు చీది, నడుం మీద చెయ్యి వేసుకుని, నీళ్ళ వంతు దగ్గర తగువాడే గొంతుతో అరిచింది. "ఒసే వీరనాగమ్మా! నిన్నేనే!"

పాప కిలకిలా నవ్వి కాళ్ళు కొట్టుకుంది. పసుపు దీపం ఒకసారి రెపరెపలాడింది.

ఆ పూట అందరం మాడిన సంగటే తిన్నాం. ఎవరూ పేరు పెట్టలేదు.

నమోదు 8

తలతిప్పుడు ఈ రోజు జరిగింది.

ఈ మధ్య రోజుల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. నా భార్య పేరు ఈ ఇంట్లో పొద్దున లేచింది మొదలు తిట్లలోనే వినబడుతోంది. వీరనాగమ్మా, గుడ్డలు తడిపినావటే. వీరనాగమ్మా, నా జుట్టు వదలవే. ఒసే దొంగ వీరనాగమ్మా, మట్టి తింటాండావా. వింటూ నా రక్తం మరిగేది. ఎంతో గౌరవంగా బతికిన మనిషి. ఆమెను ఎదురుగా నిలబడి ఒక్క మాట అన్నవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఓబులేసు కూడా పెళ్ళాన్ని చూసి నేర్చుకున్నాడు. వాడికి తిట్టడం చేతకాదు, ఆటపట్టించినట్టు అంటాడు. వాడి పిలుపుకు పాప సగం తిరుగుతుంది.

మద్దిలేటి ఇద్దరు పిల్లకాయ ఉద్యోగుల్ని వెంటబెట్టుకొచ్చాడు. పాపను చాప మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఒక గిలక్కాయ కదిలిస్తూ ఉంటారు. పాప దాన్ని చూస్తుండగా వెనక నుంచి పిలవాలి. గిలక్కాయను వదిలి తిరగాలి. మూడు అవకాశాలు.

ఉద్యోగుల్లో ఒకడు "అమ్మా, ప్రేమగా పిలవండి" అన్నాడు.

గంగరత్న వాళ్ళ మాట విని ప్రేమగా పిలిచింది. బెదిరిపోయి ఉంది. "వీరనాగమ్మా, బంగారూ..." పాప గిలక్కాయ వైపే చూస్తోంది. ఒకటి పోయింది.

ఓబులేసు పిలిచాడు. భయంలో వాడి నోట పాత మాట వచ్చింది. "వీరనాగమ్మ గారూ." ఉద్యోగులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండోది పోయింది.

గంగరత్న నన్ను చూసింది. మద్దిలేటి కూడా చూశాడు. ఆ పేరు ఇంట్లో పిలవగల మూడో గొంతు నాది. నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది, పేరు రాలేదు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, ఒక వయసు దాటాక నోరు కొత్త పనులు నేర్చుకోదు. కానీ మద్దిలేటి ఆ క్షణంలో నా మీద జాలిపడ్డాడు. దాన్ని నేను క్షమించను.

"అమ్మాయ్" అన్నాను గంగరత్నతో. "సంగటి బాగాలేదు."

"ఏందీ?"

"ఈ పొద్దు సంగటి బాగాలేదు. ఆమె చేసినట్టు లేదు."

ఉద్యోగి "పెద్దాయనా, మధ్యలో మాట్లాడకూడదు" అన్నాడు. గంగరత్న అప్పటికే నడుం మీద చెయ్యి వేసింది.

"ఒసే వీరనాగమ్మా! నీ మొగుని నోట్లో దుమ్ము పోసేదానికి నీకు తీరికైతాదా కాదా!"

పాప గిలక్కాయను వదిలి, నడుం దగ్గర నుంచి మొత్తం తిరిగి, బోల్తా పడి, పడ్డచోటు నుంచే తల్లిని చూసి కేరింతలు కొట్టింది. ఉయ్యాల మీద పసుపు దీపం ఆరి ఆకుపచ్చ వెలిగింది. గాలిరంధ్రం పూర్తిగా తెరుచుకుని చల్లగాలి పాప జుట్టును లేపింది.

"వీరనాగమ్మ ఉన్నారు" అంది గోడ.

గంగరత్న పాపను ఎత్తుకుని గోడ వైపు ముఖం పెట్టుకుంది. చాలాసేపు తిరగలేదు. ఓబులేసు ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను ఉద్యోగులతో, మీ గిలక్కాయకు రంగు పోయింది, ప్రజల సొమ్ముతో కొన్నది కాస్త శుభ్రంగా ఉంచుకోండి అని చెప్పాను.

నమోదు 9

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. ఈ కచేరీ వాళ్ళ సంగతి తెలిసి కూడా అలా అనుకున్నాను.

పది రోజులు తిరక్కుండానే మళ్ళీ పసుపు దీపం. "ఈ ఇంట్లో వీరనాగమ్మకు రెండో పేరు వినబడుతోంది." గంగరత్న మీద, ఓబులేసు మీద విరుచుకుపడ్డాను. చాటుగా బుడ్డక్క అంటున్నారా అని అడిగాను. ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. కాశమ్మను అనుమానించాను. ఆమె రావడమే మానేసింది.

మధ్యాహ్నం మద్దిలేటి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రెండో పేరు నువ్వే పిలుస్తాండావన్నా."

"నేనా? నేను దాన్ని ఏ పేరుతోనూ పిలవను."

"'ఇదిగో' అంటాండావంట."

నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను. "మద్దిలేటీ, నా దగ్గర అన్నేళ్ళు పనిచేశావు. ఇదిగో అనేది పేరు కాదని కూడా తెలియదా?"

"పిల్ల తిరుగుతాంది గదన్నా. అమ్మ పిలిచినప్పటికంటే జాస్తి తిరుగుతాంది. నాకు తిరిగితే పేరే."

"ఎవరినైనా అలాగే పిలుస్తాను. అది అలవాటు."

"లేదు." అతను గోడకు ఆనుకున్నాడు. "కొడుకును ఓబులేసూ అంటావు. కోడల్ని అమ్మాయ్ అంటావు. నన్ను అనేటివి నేను చెప్పను. ఇదిగో అనేది ఈ పిల్లొక్కదాన్నే." పాప వైపు చూశాడు. "దీనికి ముందు ఇంకొకరిని అంటాంటివి. గోడలో పాత గొంతులుండాయి. గోడ పెట్టినప్పటి నుంచీ నువ్వన్నవన్నీ ఉండాయి. ఇదిగో, నీళ్ళు. ఇదిగో, కళ్ళద్దాలు యాడబెట్టినావు. ఇదిగో, వింటాండావా."

బయట ఎవరో బుట్టలు దించుతున్న చప్పుడు.

"ఆమె కూడా దానికే పలుకుతాండె" అన్నాడు. "వారం లోపల మానుకో అన్నా. రెండు పేర్లు ఉంటే మళ్ళీ తలతిప్పుడు పెట్టాల్సొస్తాది. సభవాళ్ళు ఒప్పుకోరు."

"గోడ వినకూడనివి వింటోంది" అన్నాను. "దీని మీద సభలో అడుగుతాను. ఈసారి తప్పకుండా వస్తాను."

"రా అన్నా. నేనే చోటు పట్టి పెడతా."

అతను పోయాక చాప దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. పాప కట్టెను చప్పరిస్తోంది, ఆ సంగటి కట్టెనే. ఆమె చేతి అరుగు ఉన్న చోటే దీని నోరు.

గొంతు సవరించుకుని, ఎవరూ లేరని చూసుకుని, పేరు పెట్టి పిలిచాను. ఎవరో కొత్తవాడి గొంతులా వచ్చింది. పాప చప్పరించడం ఆపలేదు.

లోపలి నుంచి గంగరత్న అంది. "తిట్టినట్టు పిలువు మామా. అప్పుడు గాని పలకదు."

తిట్టడం నాకు ఒకరు నేర్పనక్కర్లేదు. కచేరీని తిట్టాను, సభను తిట్టాను, మద్దిలేటిని ముందర ఒకలా వెనక ఒకలా తిట్టాను, గోడను రోజూ తిడతాను. ఆ నోటితోనే అన్నాను. "ఒసే వీరనాగమ్మా."

పాప గబుక్కున తిరిగింది. కట్టె వదిలేసి నా ముఖంలోకి చూసింది, ఇంకేం అంటావన్నట్టు. తప్పయిందని చెప్పబోయాను. ఎవరికి చెప్పాలో తెలియక, పైగుడ్డ కొసతో దాని ముక్కు తుడిచాను.